కొలతల చీటీ బాగానే ఉంది, రాత్రి లైట్లకి తోకలెందుకు? పెద్దవాళ్ల కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) గురించి తెలిసినవాళ్లు చెప్పండి

విజయనగరం వాసు
అమ్మకి 67. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయి కొన్ని నెలలైంది. చార్టులో చివరి వరుస కూడా చదివేస్తోంది. కానీ చీకటి పడ్డాక మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర నిలబడితే ఎదురొచ్చే ఆటోల లైట్లకి కిందవైపు తోక కనిపిస్తోందంట. ఇప్పుడు కుడి కంటికి కొలతలు తీశారు. కంటి పొడవు 22.9 మి.మీ., కె1 43.75, కె2 44.50. ఎడమ కంటి అంకెలూ దాదాపు ఇవే, వాటిలో తేడా ఏమీ లేదన్నారు. మరి ఈ తోక ఎక్కడిది? రెండో కంటికీ ఇలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సిక్కోలు ఆప్టో
కళ్ల పరీక్షలు చేయడమే నా ఉద్యోగం కాబట్టి చెబుతున్నా. వాసు గారూ, ఆ చీటీ లెన్స్ పవర్ లెక్క కోసం. పొడవు 1 మి.మీ. తప్పితే పవర్ రెండున్నర, మూడు డయాప్టర్లు (పవర్ కొలిచే యూనిట్) తప్పుతుంది. కె అంటే కార్నియా వంపు. కంటి పవర్ మొత్తం 60 డయాప్టర్లనుకుంటే అందులో 43 దాకా కార్నియాదే. అయితే మామూలు మెషిన్ ఆ వంపును మధ్యలో సుమారు 3 మి.మీ. వలయం మీద మాత్రమే కొలుస్తుంది. చీకట్లో కంటిపాప అంతకన్నా పెద్దదవుతుంది. వలయం బయట కార్నియా ఎలా ఉందో, పై సగం, కింది సగం ఒకేలా ఉన్నాయో లేదో చీటీలో పడదు. లైటుకి ఒకవైపే తోక రావడాన్ని మేం కోమా అంటాం. వయసుతో ఇది కాస్త పెరుగుతుంది. చార్టు చదివించేది వెలుతురులో, అప్పుడు పాప చిన్నది, అందుకే బయటపడదు.

పొడవైన కళ్లకి కార్నియా కొంచెం చదునుగా ఉండడం మామూలే. అంతకుమించి, పొడవు చూసి కార్నియా నాణ్యత చెప్పడం కుదరదు. టోపోగ్రఫీ తీయించండి, అది కార్నియాకి మ్యాప్ లాంటిది. లోపలి లెన్స్ పక్కకి జరిగినా ఇలాగే కనిపించొచ్చు, అదీ చూడమనండి.

నరసన్నపేట మాస్టారు
నా పాత కళ్లజోడు చీటీల్లో సిలిండర్ యాక్సిస్ (అడ్డం, నిలువు పవర్ తేడా ఏ దిక్కున ఉందో చెప్పే అంకె) 180. రిటైరయ్యాక రాసినవాటిలో 90. ఎవరైనా తిప్పి రాశారా, కన్నే తిరిగిందా బాబూ?

సిక్కోలు ఆప్టో
కన్నే, మాస్టారూ. వయసులో ఉన్నప్పుడు ఎక్కువమందికి కార్నియా నిలువు వంపు ఎక్కువ. పెద్దయ్యేకొద్దీ అడ్డం వంపు ఎక్కువవుతుంది. ఆ పాత చీటీలు పారేయకండి, ఆపరేషన్ అప్పుడు డాక్టర్‌కి పనికొస్తాయి.

నౌపడ కుర్రోడు
మా నాన్న ఉప్పు మడుల్లోనే బతికాడు. ఎండ, ఉప్పుగాలి, దుమ్ము. ముక్కువైపు నుంచి కండ పెరిగి నల్లగుడ్డు మీదికొచ్చేసింది. ఒకచోట ఆ కండ అలాగే ఉంచి లెన్స్ పవర్ రాసేశారు. ఇంకో డాక్టర్ దగ్గరికెళ్తే, కండ కార్నియాని అడ్డంగా చదును చేస్తుంది, ముందు అది తీసి, కార్నియా కుదురుకున్నాక కొలుద్దాం అన్నారు. తర్వాత కొలిస్తే కె పెరిగింది, సిలిండర్ బాగా తగ్గింది. పాత అంకెలతో లెన్స్ వేసుంటే పవర్ తప్పేది.

పలాస బావ
ఏటండీ ఇదంతా! మా మామయ్యకి మామూలు ఏ-స్కాన్ (ధ్వని తరంగాలతో కంటి పొడవు కొలిచేది) చేసి లెన్స్ వేశారు, శుభ్రంగా జీడిపప్పు గ్రేడింగ్ చూసుకుంటున్నాడు. మ్యాపులూ గీపులూ బిల్లు పెంచడానికే.

సిక్కోలు ఆప్టో
అందరికీ అక్కర్లేదు బావగారూ. రెండుసార్లు తీసిన కె అంకెలు ఒకేలా వస్తే చాలామందికి సరిపోతుంది. మారుతున్నాయంటే ముందు కన్ను పొడిబారిందేమో చూడాలి, పెద్దవాళ్లలో అది ఎక్కువ. ఇంకో సంగతి: ఏ-స్కాన్ ప్రోబ్ కంటికి ఆనించేటప్పుడు గట్టిగా నొక్కితే పొడవు తక్కువ చూపిస్తుంది. మత్తు చుక్కలు వేయకముందే, ప్రోబ్ ఆనించకముందే కె తీయాలి. ఈ వరుస మాత్రం అడిగి మరీ చేయించుకోండి.

విజయనగరం వాసు
విశాఖ వెళ్లి రెండు కళ్లకీ మ్యాప్ తీయించాం. లెన్స్ సరిగ్గానే కూర్చుందట. ఎడమ కార్నియాలో కింది భాగం వంపు ఎక్కువ, కోమా అక్కడిదే అన్నారు. కుడి కంట్లో అది తక్కువే గానీ పొడిబారి ఉందని చుక్కలు రాసి, కొన్ని వారాలయ్యాక మళ్లీ కొలుస్తామన్నారు. దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్ లెన్స్ అడిగితే, ఇలాంటి కార్నియాకి వద్దు, రాత్రి ఇబ్బంది ఇంకా పెరుగుతుందన్నారు. ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్‌లో ఆస్ఫెరిక్ రకం అంటున్నారు, అది దేనికి?

సిక్కోలు ఆప్టో
కార్నియా అంచు గుండా వచ్చే వెలుగు మధ్య వెలుగు కన్నా ముందే కలుస్తుంది. పాప 6 మి.మీ. ఉన్నప్పుడు ఈ దోషం సగటున +0.27 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). వయసులో ఉన్నప్పుడు సొంత లెన్స్ దాన్ని చాలావరకు సరిచేస్తుంది, పెద్దయ్యాక ఆ పని మానేస్తుంది. ఆస్ఫెరిక్ లెన్స్ అదే సరిచేస్తుంది. కోమాని మాత్రం తగ్గించదు, ఎడమ కంటి తోక మీద ఆశ పెట్టుకోకండి.

పలాస బావ
సరే గానీ వాసూ, ఆ మ్యాప్‌కి ఎంత తీసుకున్నారు? మా అత్తకి కూడా కండ ఉంది.