72 షెవీ సీ10కి ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్: 700ఆర్4 పెట్టాలా, 200-4ఆర్ పెట్టాలా?

ప్లేనో_పాతబండి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1972 షెవర్లే సీ10 ట్రక్కు ఉంది. చిన్న తొట్టి, 350 ఇంజిన్, ఎడెల్‌బ్రాక్ 600 కార్బరేటర్. గేర్‌బాక్స్ టీహెచ్350, అంటే ఆటోమేటిక్కే గానీ మూడే గేర్లు. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73 అని అమ్మినాయన చెప్పాడు, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే కడ్డీ) 3.73 చుట్లు తిరగాలి. టైర్లు 235/70ఆర్15, ఎత్తు దాదాపు 28 అంగుళాలు.

ఊళ్లో తిరిగినంతసేపూ బండి బంగారం. ఐ-35 ఎక్కి ఆస్టిన్ వైపు గంటకి 70 మైళ్లలో పోతే మాత్రం ఇంజిన్ మొత్తుకుంటుంది. పోయినసారి మావాడు వేకో దాకా చెవులు మూసుకునే కూర్చున్నాడు. ఇప్పుడు గేర్‌బాక్స్ నుంచి నూనె కూడా కారుతోంది. ఎలాగూ దించాలి కదా, ఓవర్‌డ్రైవ్ (హైవేలో ఇంజిన్ చుట్లు తగ్గించే పై గేరు) ఉన్నది పెట్టేద్దామని ఆలోచన. ఒక షాపువాడు నాలుగు గేర్ల 700ఆర్4 అంటాడు. ఇంకొకడు దాని జోలికే పోవద్దు, 200-4ఆర్ పెట్టమంటాడు. మీలో పెట్టినవాళ్లు చెప్పండి.

ఇర్వింగ్_ఇంజిన్:
700ఆర్4. ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ? లెక్క చూడు. వేగాన్ని యాక్సిల్ నిష్పత్తితో, 336తో గుణించి టైరు ఎత్తుతో భాగించు. 70 మైళ్లలో 3.73 యాక్సిల్‌తో నీ ఇంజిన్ నిమిషానికి 3,130 చుట్లు తిరుగుతోంది. 700ఆర్4 నాలుగో గేరు 0.70. అదే వేగంలో 2,190కి దిగుతుంది. ఫస్ట్ గేరు కూడా 3.06, నీ టీహెచ్350లో 2.52 మాత్రమే. సిగ్నల్ దగ్గర లాగుడు పెరుగుతుంది, హైవేలో గోల తగ్గుతుంది. 1982 నుంచి షెవర్లే కంపెనీ జీఎం లెక్కలేనన్ని బండ్లలో పెట్టింది, సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి. 1987 తర్వాతది చూసుకో. తొలినాళ్లవాటిలో ఇన్‌పుట్ షాఫ్ట్‌కి 27 పళ్లే, తర్వాత 30 చేశారు.

కాలిన_క్లచ్:
నా పేరు చూసే అర్థమై ఉంటుంది. 700ఆర్4 పెట్టించుకున్నాను, ఎనిమిది నెలల్లో మాడిపోయింది. మూడు, నాలుగు గేర్లకి కలిపి పనిచేసే క్లచ్ ప్లేట్లు బొగ్గయ్యాయి. నూనె తీస్తే మాడిన పప్పు వాసన. పెట్టిన షాపాయన "మీరు గట్టిగా తోలారు" అన్నాడు. నేను తోలేది ఆఫీసుకీ, శనివారం గుడికీ!

200-4ఆర్ పెట్టుకోండి. నాలుగో గేరు 0.67, ఇంకా ప్రశాంతం. ఫస్ట్ 2.74, సెకండ్ 1.57. 700ఆర్4లో 3.06 నుంచి ఒక్కసారిగా 1.63కి పడుతుంది, మధ్యలో మెట్టు విరిగినట్టుంటుంది. పైగా పొడవులో టీహెచ్350, 200-4ఆర్ ఒకటే, డ్రైవ్‌షాఫ్ట్ కొయ్యక్కర్లేదు. బలం లేదంటారేమో, బ్యూక్ గ్రాండ్ నేషనల్‌లో టర్బో ఇంజిన్ వెనక ఉన్నది ఇదే.

నూనెచేతులు:
ఇద్దరూ సగం సగం చెప్పారు.

పొడవు సంగతి ముందు. 200-4ఆర్‌తో సమానంగా ఉండేది 6 అంగుళాల తోక (గేర్‌బాక్స్ వెనక గొట్టం భాగం) ఉన్న టీహెచ్350 మాత్రమే, సుమారు 27.7 అంగుళాలు. అదే గేర్‌బాక్స్ 9 అంగుళాల తోకతో కూడా వచ్చింది. అది 30.7 దాకా ఉంటుంది, అంటే 700ఆర్4తో దాదాపు సమానం. మన ప్లేనో ఆయన బండిలో ఏది ఉందో బండి కింద దూరి టేపు పెట్టేదాకా ఎవరూ చెప్పలేరు. ఎలాగైనా కింద మౌంటు ఉండే చోటు మారుతుంది, క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని కింద నుంచి మోసే అడ్డ దూలం) జరపాలి.

ఇక కాలడం గురించి. మీ 700ఆర్4 చెడ్డది కాదు సార్, దాని కేబుల్‌ని సరిగ్గా కట్టలేదు. టీహెచ్350కి పక్కన ఒక కేబుల్ ఉంటుంది, అది కిక్‌డౌన్ కోసం (యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే కింది గేరుకి దింపడానికి), అంతే. అది తెగిపోయినా బండి నడుస్తుంది. ఇంజిన్ మీద ఎంత బరువుందో గేర్‌బాక్స్‌కి చెప్పేది వాక్యూమ్ గొట్టం. 700ఆర్4లో ఆ గొట్టమే లేదు. కార్బరేటర్‌కి తగిలించే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ ఒక్కటే దిక్కు. యాక్సిలరేటర్ ఎంత నొక్కితే కేబుల్ అంత లాగాలి, దాన్నిబట్టే లోపల నూనె ఒత్తిడి పెరుగుతుంది. కేబుల్ వదులుగా ఉంటే ఒత్తిడి చాలదు. ఒత్తిడి చాలకపోతే క్లచ్‌లు పట్టీ పట్టనట్టు జారుతాయి, జారితే మాడతాయి. ముందు మాడేది మీరు చెప్పిన ప్లేట్లే.

పాత మెకానిక్‌లు చాలామంది దీన్ని కూడా కిక్‌డౌన్ కేబులే అనుకుని ఏదో ఒక రంధ్రంలో తగిలించి పంపేస్తారు. ఎడెల్‌బ్రాక్, హోలీ కార్బరేటర్లకి అదనంగా ఒక బ్రాకెట్ కావాలి, లేకపోతే కేబుల్ లాగే కోణం తప్పుతుంది. పూర్తిగా నొక్కినప్పుడు సరిగ్గానే ఉంటుంది, సగం నొక్కినప్పుడు ఒత్తిడి తక్కువ. మనం తోలేదంతా సగం నొక్కుడే కదా.

ఇంకోటి. 200-4ఆర్‌కీ ఇదే కేబుల్. ఇదే రోగం.

కాలిన_క్లచ్:
బ్రాకెట్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నా కార్బరేటర్ కూడా ఎడెల్‌బ్రాకే. ఇప్పుడు బుర్రలో లైటు వెలిగింది, కానీ డబ్బులు ఎప్పుడో పోయాయి.

అయినా ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఒక కేబుల్ పావు అంగుళం తేడాగా కడితే మొత్తం గేర్‌బాక్స్ మాడిపోతుందంటే, అది మంచి డిజైన్ ఎలా అవుతుంది? కొనేవాడికి తప్పు ఎవరిదైతే ఏంటి?

బే_ఏరియా_సెన్సర్:
అందుకే కదా జీఎం వాళ్లే ఆ కేబుల్ తీసి పారేశారు. 4ఎల్60ఈ పెట్టుకోండి. గేర్లు 700ఆర్4వే, కానీ ఒత్తిడినీ గేరు మార్పునీ కంప్యూటర్ చూసుకుంటుంది. 1993 నుంచి ట్రక్కుల్లో వచ్చింది. ల్యాప్‌టాప్ పెట్టి ఏ వేగంలో ఏ గేరు పడాలో మీరే రాసుకోవచ్చు. నేను నా షెవీ నోవా కారులో పెట్టాను, మూడేళ్లుగా చిన్న టెన్షన్ కూడా లేదు.

ఇర్వింగ్_ఇంజిన్:
సాఫ్ట్‌వేర్ వాళ్లకి అన్నిటికీ ల్యాప్‌టాపే మందు. కార్బరేటర్ బండికి విడిగా కంట్రోలర్ కొనాలి, వైరింగ్ కొనాలి, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్‌ని కార్బరేటర్‌కి తగిలించాలి. 72 నాటి స్పీడోమీటర్‌కి తీగ కావాలి, ఆ గేర్‌బాక్స్ ఇచ్చేది కరెంటు సిగ్నల్, మధ్యలో ఇంకో డబ్బా. ఇవన్నీ కూడితే గేర్‌బాక్స్ ఖరీదుకి దగ్గరవుతుంది. రేపు వేకో దగ్గర ఆగిపోతే ఏ మెకానిక్ చూస్తాడు?

బే_ఏరియా_సెన్సర్:
కేబుల్ బాగా కట్టే మెకానిక్‌ని వెతకడం కన్నా అది సులువే అన్నా. పైన రుజువు కనిపిస్తూనే ఉంది.

హ్యూస్టన్_ట్రైలర్:
ట్రైలర్ లాగుతారా? లాగేటట్టయితే ఇవేవీ వద్దు, 4ఎల్80ఈ. టీహెచ్400 వంశం, దున్నపోతు. బరువు కూడా దున్నపోతంతే, ఫ్లోరు కింద ఇరుక్కుంటుంది. లేదంటే ఉన్న టీహెచ్350 వెనకే గేర్ వెండర్స్ వాళ్ల ఓవర్‌డ్రైవ్ బిగించుకోవచ్చు. 0.78 నిష్పత్తి, డ్రైవ్‌షాఫ్ట్ కొయ్యాలి, పర్సు కూడా కొయ్యాలి.

ప్లేనో_పాతబండి:
ట్రైలర్ లేదండి. తొట్టిలో అప్పుడప్పుడూ ఇండియన్ స్టోర్ నుంచి నాలుగు బియ్యం బస్తాలు, వాటికి గేర్ వెండర్స్ ఎందుకు. నూనెచేతులు గారూ, మీరైతే నా బండికి ఏది పెడతారు?

నూనెచేతులు:
మీరు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్తే చెప్తాను. బండిలో టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు చూపే మీటరు) ఉందా?

ప్లేనో_పాతబండి:
లేదు. 3,130 అన్నది ఇర్వింగ్ అన్న లెక్క.

నూనెచేతులు:
ఆ లెక్క తప్పు కాదు, కానీ 3.73 అన్నది అమ్మినాయన మాట. యాభై ఏళ్ల బండిలో వెనక ఏముందో ఎవరికి తెలుసు. మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు ఉండేది. డ్రైవరు చెప్పింది వినాలి, నమ్మేది మాత్రం పళ్లు లెక్కపెట్టాకే అనేవాడు.

ముందు చక్రాలకి రాళ్లు పెట్టండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి స్టాండు పెట్టండి, రెండోది నేల మీదే ఉండాలి. గేరు న్యూట్రల్‌లో వేసి, డ్రైవ్‌షాఫ్ట్ మీద సుద్దతో గీత గీయండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ ఎన్ని తిరిగిందో చూడండి. మామూలు డిఫరెన్షియల్ అయితే ఆ అంకె మీ నిష్పత్తి. మూడున్నర దాటి, నాలుక్కి పావు చుట్టు తక్కువలో ఆగితే 3.73. మూడు దాటి కాస్త కదిలి ఆగితే 3.07. ఈ ట్రక్కుల్లో రెండూ వచ్చాయి. కింద ఉన్నప్పుడే గేర్‌బాక్స్ తోక కూడా కొలవండి. నూనె ఎక్కడినుంచి కారుతోందో చూడండి.

ప్లేనో_పాతబండి:
ఆదివారం పొద్దున్నే దూరాను. మూడుసార్లు లెక్కపెట్టాను, మావాడు వీడియో కూడా తీశాడు. మూడు చుట్లు, ఆపైన ఒక వేలు మందం. 3.07!

గేర్‌బాక్స్ తోక 6 అంగుళాలు. నూనె కారేది కూడా ఆ తోక చివర, షాఫ్ట్ దూరే చోట.

నూనెచేతులు:
అయితే మొదటి నుంచీ మనం లేని బండి గురించి కొట్టుకున్నాం. 3.07తో 70 మైళ్లలో మీ ఇంజిన్ దాదాపు 2,580 తిరుగుతోంది, కన్వర్టర్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నూనెతో తిప్పే భాగం) జారుడు కలిపితే ఇంకొంచెం. ఆ మాత్రానికి 350 ఇంజిన్ మొత్తుకోదు. సైలెన్సర్ ఏది ఉంది? తలుపు రబ్బర్లు ఉన్నాయా?

కారేది వెనక సీలు. దానికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు. డ్రైవ్‌షాఫ్ట్ విప్పి, పాత సీలు పీకి కొత్తది కొట్టడమే. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోతుంది.

ఇర్వింగ్_ఇంజిన్:
ఆగండాగండి. 3.07 అయితే 700ఆర్4 ఇంకా బాగా నప్పుతుంది! 3.06ని 3.07తో గుణిస్తే 9.39. పాత టీహెచ్350కి 3.73 యాక్సిల్ ఉంటే వచ్చేది 9.40. అంటే యాక్సిల్ ముట్టుకోకుండానే ఆ లాగుడు వస్తుంది, హైవేలో 1,800 చుట్లు. పెట్రోలు మిగులుతుంది.

కాలిన_క్లచ్:
1,800లో కార్బరేటర్ ఇంజిన్ గునుస్తుంది అన్నా. చిన్న ఎత్తు వచ్చినా మూడో గేరుకి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. నాలుగో గేరులో కన్వర్టర్ లాకప్ (జారకుండా బిగించే క్లచ్) పడకపోతే వేడి. ఇవన్నీ ఆఫీసు దారిలోనే పడ్డాను.

ఇర్వింగ్_ఇంజిన్:
మామూలు క్యామ్ (ఇంజిన్ వాల్వులు తెరిచే షాఫ్ట్) ఉంటే 1,800లో హాయిగా లాగుతుంది. మా 350 లాగుతోంది. లాకప్‌కి బ్రేకు స్విచ్ గుండా ఒక వైరు, నాలుగో గేరు ఒత్తిడికి పనిచేసే చిన్న స్విచ్, చాలు. బయట ఒక కూలర్ పెట్టుకో. కేబుల్‌కి బ్రాకెట్ నేనే వచ్చి కడతాను.

నూనెచేతులు:
ఇర్వింగ్ గారు చెప్పింది పనిచేస్తుంది, కాదనను. 200-4ఆర్ అయితే 0.67తో 1,730కి పడుతుంది, 3.07 యాక్సిల్ వెనక నేను మాత్రం పెట్టను. కానీ ప్లేనో ఆయన అడిగింది గోల గురించి. గేర్‌బాక్స్ మార్చాక కూడా గోల అలాగే ఉంటే?

ప్లేనో_పాతబండి:
సైలెన్సర్ అంటే, ముందాయన రెండు పైపులు పెట్టించాడు, క్యాబ్ కిందే ముగుస్తాయి. ఎడమ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికొచ్చే గొట్టం) దగ్గర మసి గీత కూడా కనపడింది. తలుపు రబ్బరు ఒక పక్క లేనే లేదు.

వెనక సీలు, మ్యానిఫోల్డ్ గాస్కెట్, ఒక చవక టాకోమీటర్ తెప్పించాను. వచ్చే శనివారం ఆస్టిన్ వెళ్లొచ్చి చెప్తాను. ఇర్వింగ్ అన్నా, అప్పటిదాకా మీ గ్యారేజీలో ఉందన్న ఆ 1989 గేర్‌బాక్స్ ఎవరికీ అమ్మకండి.

ఇర్వింగ్_ఇంజిన్:
అది ఉందని నీకెవరు చెప్పారు?

కాలిన_క్లచ్:
నేనే. పోయినేడాది నాకు అమ్మబోయారుగా.