జపాన్ అరటి: దుంప గట్టిగానే ఉంది, పిలక మాత్రం రావడం లేదు

మేముండేది అమెరికాలోని న్యూజెర్సీలో, జోన్ 7 (చలికాలం ఎంత చల్లగా ఉంటుందో బట్టి మొక్కల కోసం చేసిన ప్రాంతాల విభజన). పెరట్లో చలిని తట్టుకునే జపాన్ అరటి (మూసా బస్జూ) వేశాం. దీని కాయలు తినడానికి పనికిరావు, ఆకుల అందం కోసమే పెంచుతారు. మొదలు బాగా కప్పితే గడ్డకట్టే చలికాలాన్ని కూడా దుంప తట్టుకుంటుంది. నిరుడు ఆరడుగులు పెరిగింది, చూస్తే ఊళ్లో ఉన్నట్టే అనిపించేది.

నవంబర్‌లో మంచుకు ఆకులు నల్లబడగానే బోదెను రెండడుగుల ఎత్తున కోసి, చుట్టూ అడుగున్నర మందాన ఎండుటాకులు పోసి, గోనెపట్టా చుట్టాం. ఏప్రిల్ చివర్లో విప్పితే బోదె మెత్తబడి నీరు కారుతోంది, ఒకటే వాసన. కుళ్లినదంతా నేలమట్టానికి కోసేశాను. దుంప పైన గీరి చూస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉంది. నీళ్లు తగ్గించాను, నేల వేడెక్కడానికి నల్ల ప్లాస్టిక్ షీట్ పరిచాను. జూన్ రెండో వారం వచ్చింది, పగలు 27 డిగ్రీలు ఉంటోంది. అయినా మొవ్వు లేదు, పిలకా లేదు. మాది బంకమన్ను, వాన పడితే మర్నాటి దాకా నీరు ఇంకదు. నా అనుమానం దానిమీదే.

చలి ప్రాంతాల్లో ఈ రకం పెంచినవాళ్లు చెప్పండి: దుంపను ఇప్పుడే తవ్వి ఇసుక కలిపిన కుండీలోకి మార్చాలా, జూలై దాకా నేలలోనే ఉంచాలా?