ఇటెన్‌కు ఒక్కటే ఛాన్స్: ఇప్పుడే పంపాల్నా, ఊటీల అలవాటు చేసి పంపాల్నా?

కాజీపేట_జంక్షన్
లెక్క ఇది. వయసు 20, 5000 మీటర్లు 14:40, హన్మకొండ జేఎన్ స్టేడియం ట్రాక్ మీద తయారైన పోరడు. కెన్యాల ఇటెన్ దగ్గర ఒక పెద్ద గ్రూపుతోని 6 వారాలు ఉరికే అవకాశం వచ్చింది. ఖర్చు పెట్టేటోళ్లు ఒక్కసారికే ఒప్పుకున్నరు. దేశం దాటలే, ఎత్తు మీద ఎన్నడు ఉరకలే. ఇప్పుడే పంపాల్నా, ఒక సీజన్ ఆపి ఊటీల అలవాటు చేసి పంపాల్నా? "అనుభవం వస్తది" అని మాత్రం రాయకుండ్రి. ఏమొస్తది, ఏం పోతది, అది చెప్పుండ్రి.

భద్రకాళి_బండ్
ఆపాలె.

వరంగల్ 270 మీటర్ల ఎత్తు, ఇటెన్ 2400. అక్కడ గాలిల ఆక్సిజన్ శాతం మారదు, ఒత్తిడి తగ్గుతది. ఒక్కో శ్వాసకు దొరికేది దాదాపు నాలుగో వంతు తక్కువ. ఊటీ 2240, అంటే పెద్ద తేడా ఏం లేదు. ఊటీల లేనిదల్లా పక్కన ఉరికే ప్రపంచస్థాయి గుంపు. మొదటిసారి ఎత్తుకు పోయినోనికి ఆ గుంపు లేకపోవుడే మంచిది.

ఎందుకంటే, మొదటి 8-10 రోజులు ఒక్కడే, ముచ్చట పెట్టుకుంట ఉరికేంత మెల్లగ ఉరకాలె. ఇటెన్ గ్రూపుల పొద్దున 6 గంటలకు మొదలయ్యే ఉరుకుడు మొదటి కిలోమీటరు 6 నిమిషాలల్ల పోతది. కొత్తోడు "గింతేనా" అనుకుంటడు. చివరి మూడు కిలోమీటర్లు ఒక్కోటి 3:30కి దిగుతయి, అది గూడ గుట్ట రోడ్డు మీద. వాళ్లకది ఈజీ. ఈ పోరనికి అది పోటీ. వారానికి మూడుసార్లు గట్లయితే మూడో వారానికి నిద్ర చెడుతది, పొద్దటి నాడి 8-10 పెరుగుతది, ఆకలి చస్తది. మిగతా మూడు వారాలు మంచమే.

మన దేశం దూరపు ఉరుకుడోళ్లు సాబ్లే, గుల్వీర్ అమెరికాల ఎత్తు మీదున్న కొలరాడో స్ప్రింగ్స్ పోయి బాగుపడలేదా అని ఎవరన్న అంటరు, ముందే చెప్తున్న. సాబ్లే 2022ల అక్కడ తయారయ్యేనాటికే టోక్యో ఒలింపిక్స్ ఉరికిండు. గుల్వీర్ 2025 మార్చిల 10,000 మీటర్లు 27:00.22 ఉరికేముందే, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల కాంస్యం అతని మెడల ఉంది. గట్టిపడ్డంక పోయిన్రు. కొలరాడో స్ప్రింగ్స్ గూడ 1840 మీటర్లే.

ఎర్రమట్టి
బండ్ అన్న చెప్పిన ప్రమాదం నిజం, మందు తప్పు. గ్రూపు వద్దనడం కాదు, గ్రూపుల ఎక్కడ ఆగాలో ముందే రాసి పంపాలె.

మొదటి వారం గ్రూపుతోని మొదటి 5 కిలోమీటర్లే, వేగం పెరగంగనే తప్పుకోవాలె. ఎవరూ ఏమనుకోరు, అక్కడ రోజూ ఎవరో ఒకరు తప్పుకుంటనే ఉంటరు. ట్రాక్ పని రెండో వారం చివర్ల మొదలు. ఇక్కడ 1000 మీటర్లు 2:56కి కొట్టేటోడు అక్కడ 3:04-3:06కి కొట్టాలె. లేకుంటే వేగం అదే ఉంచి దూరం 600కి తగ్గించి, 90 సెకన్ల విశ్రాంతిని రెండున్నర నిమిషాలు చెయ్యాలె. 2:56 మీద పట్టుబడితే నాలుగో దాంట్ల కాళ్లు బిగుస్తయి, ఆ వారం పోయినట్టే. 200లు మాత్రం ఇక్కడి వేగంతోనే కొట్టొచ్చు. పూర్తి విశ్రాంతి ఇస్తే ఎత్తు వాటిని పెద్దగ ముట్టదు.

గురువారం ఫార్ట్‌లెక్ చూసుండ్రి. వందల మంది ఒక్కసారి ఎర్రమట్టి రోడ్డు మీద లేస్తరు, ఒక నిమిషం గట్టిగ, ఒక నిమిషం మెల్లగ, దాదాపు 50 నిమిషాలు. ఈ పోరడు మూడో గురువారం సగం చేస్తే చాలు. కాని ఆ గుంపుల వెనకనుంచి అడుగుల లయ పట్టుకొనుడు ఊటీల ఎన్ని నెలలున్నా రాదు. హన్మకొండల ఈ టైమోనికి జోడి ఎవరున్నరు? ఒక్కడే ఉరికి ఉరికి 14:40 కాడ ఆగిండు. జబ్బు అది.

తెల్లగీత
కల్లెడ దీప్తి జీవాంజి హైదరాబాద్‌ల తయారయ్యి 2024ల కోబే పారా పోటీలల్ల 400 మీటర్లు 55.07కి ఉరికి తన టీ20 తరగతిల వరల్డ్ రికార్డు కొట్టింది గదా. ఏ గుట్ట ఎక్కింది?

ఎర్రమట్టి
400 లెక్క వేరు తమ్మీ, దాన్ని ఇండ్లకు తేకు.

రక్తపరీక్ష
ఊటీ, ఇటెన్ రెండూ ఎర్రకణాల కోసమే అయితే ముందు సీరం ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) చూడాలి. హిమోగ్లోబిన్ 14 ఉన్నా ఫెరిటిన్ 30 కంటే తక్కువుంటే ఎత్తు మీద శరీరం కొత్త రక్తం చేయడానికి ఇనుము ఉండదు, 6 వారాలు వట్టి అలసటే. మగవాళ్లకు 40 పైన ఉండటం మేలు. తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్రలు మొదలుపెట్టినా నిల్వ పెరగడానికి 6-8 వారాలు పడుతుంది. నిమ్మరసంతో వేసుకోవాలి, చాయ్‌కి గంట దూరం పెట్టాలి. ఇటెన్‌లో తిండి పక్కనే పాల చాయ్ వస్తుంది, అక్కడ తప్పు జరిగేది ఇదే. ఉగాలీ గురించి భయం వద్దు, మన మక్క గట్క గట్టిగా ఉడికితే అదే, పక్కన ఆకుకూర.

మొదటి వారంలో హిమోగ్లోబిన్ 14 నుంచి 15 అయిందని సంబరపడొద్దు. రక్తంలో నీరు తగ్గి అంకె పెరిగింది, అంతే. అసలు పెరుగుదలకు మూడు వారాలైనా కావాలి. అందుకే 6 వారాలు అనడం సబబే. 2 వారాలని ఉంటే నేను బండ్ గారి వైపే.

ఇక రెండు మాటలు పెద్ద అక్షరాల్లో రాసుకోండి. గుట్ట ఎక్కే ముందు డయామాక్స్ వేసుకొమ్మని చార్‌ధామ్ పోయొచ్చినవాళ్లు, మందుల షాపువాళ్లు చెప్తారు. అందులో ఉండే ఎసిటజోలమైడ్ వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది. నీరసంగా ఉందని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం మన దగ్గర చాయ్ తాగినంత మామూలు. ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటితే అదీ డోపింగే, బాటిల్‌లో వట్టి సెలైన్ ఉన్నా సరే.

కాయితాల_శీను
కాయితాల ముచ్చట ఎవరూ ఎత్తలే. కెన్యాకు ఈటీఏ (వీసా లెక్క ప్రయాణ అనుమతి) ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌ల తీసుకోవాలె. ఎల్లో ఫీవర్ టీకా పోయేటప్పుడు కంటే వచ్చేటప్పుడు ముఖ్యం: కార్డు లేకుంటే మన ఎయిర్‌పోర్టుల దింపి 6 రోజుల దాక క్వారంటైన్‌ల పెడ్తరు. హైదరాబాద్‌ల నారాయణగూడ ఐపీఎంల ఏస్తరు. కార్డు 10 రోజుల తర్వాతనే చెల్లుతది, రేపు ఫ్లైటంటే ఇయ్యాల పోయి లాభం లేదు. నైరోబీ నుంచి ఎల్డొరెట్‌కు లోకల్ ఫ్లైటు, అక్కడికెల్లి రోడ్డు మీద దాదాపు గంట. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది.

అసలుది ఇంకోటి. గ్రూపు కోచ్ పేరు ఏఐయూ (అథ్లెటిక్స్‌ల డోపింగ్ కేసులు చూసే సంస్థ) నిషేధ జాబితాల ఉన్నదో లేదో చూసిండ్రా? కెన్యాల చాలామంది మీద వేటు పడ్డది. నిషేధంల ఉన్న కోచ్ దగ్గర తెలిసీ శిక్షణ తీసుకుంటే, మందు ముట్టకున్నా పోరని మీదనే కేసు అయితది. టెస్టింగ్ పూల్‌ల (డోప్ టెస్టుకు రాసుకున్న ఆటగాళ్ల జాబితాల) ఉంటే రోజూ గంటసేపు ఎక్కడుంటడో వాడా ఆన్‌లైన్ ఖాతా ఆడమ్స్‌ల ఇటెన్ అడ్రసుతోని మార్చాలె. 12 నెలలల్ల మూడు తప్పితే అది గూడ నేరమే.

భద్రకాళి_బండ్
సరే, రాసి పంపితే నడుస్తది అనుకుందాం. 20 ఏండ్లోడు రాసింది పాటిస్తడా? పక్కన మన కోచ్ లేడు. ఎర్రమట్టి చెప్పే తప్పుకొనుడు కాయితం మీద అల్కగుంటది.

ఇంకోటి, దిగొచ్చినంక ఎప్పుడు పోటీ? మొదటి 2-3 రోజులల్ల, లేకుంటే రెండు మూడు వారాల తర్వాత అంటరు, నడుమ శరీరం మొద్దుబారుతది. మనకు మొదటిది కుదరదు. ఇటెన్ పొద్దుగాల చలికి 6 వారాలు అలవాటైనోనికి మన ఎండ ఓర్పు పోతది, తిరిగి రానీకి 7-10 రోజులు కావాలె. అంటే మీట్‌కు 18-20 రోజుల ముందే దిగాలె.

ఎర్రమట్టి
అది ఒప్పుకుంట. టికెట్ మీట్ తేదీ చూసే తియ్యాలె. కోచ్ లేని ముచ్చటకు ఒకటే దారి: పొద్దుగాల లేవంగనే నాడి, బరువు, నిద్ర గంటలు వాట్సాప్‌ల పంపాలె. బరువు రెండు శాతం తగ్గినా, నాడి రెండు రోజులు వరుసగ 7 పెరిగినా ఆ రోజు ఉరుకుడు బంద్. అడిగేది లేదు.

కాజీపేట_జంక్షన్
రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 13.8, ఫెరిటిన్ 22. ఫ్లైటు అనుకున్నది 5 వారాలకు.

రక్తపరీక్ష
అయితే ఊటీ కూడా వద్దు ఇప్పుడు. ఖర్చు పెట్టేవాళ్లను తేదీ రెండు నెలలు జరపమని అడగండి.