కేఈఎఫ్ ఎల్ఎస్50కి ఏ ఆంప్లిఫయర్ తీసుకోవాలి?

నమస్కారం అండీ. నా దగ్గర కేఈఎఫ్ ఎల్ఎస్50 స్పీకర్లున్నాయి, 2012లో వచ్చిన మొదటి మోడల్. వాటిని మార్చే ఉద్దేశం అస్సలు లేదు, వీణ తీగ మీటితే ఆ గమకం ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టే వినిపిస్తుంది. ఇబ్బందంతా ఆంప్లిఫయర్‌తోనే, చానెల్‌కి 30 వాట్లది. తక్కువ సౌండ్‌లో బాగానే ఉంటుంది కానీ, నాబ్ సగం దాటిందంటే తని ఆవర్తనంలో మృదంగం తొప్పి (ఎడమవైపు ముఖం) మీద పడే దెబ్బకి బిగువు పోతుంది, వయొలిన్ చెవిలో గీసినట్టుంటుంది, పావుగంటకే పైమూత చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది.

ఈ స్పీకర్ల సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత సౌండ్ వస్తుందనేది) 85 డెసిబెల్సే, ఇంపిడెన్స్ (ఆంప్‌కి ఎదురయ్యే విద్యుత్ నిరోధం) పేరుకి 8 ఓమ్‌లైనా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3.2కి దిగుతుంది. 3 డెసిబెల్స్ పెరగాలంటేనే పవర్ రెట్టింపు కావాలి కాబట్టి 60 వాట్లకి వెళ్లినా పెద్ద తేడా ఉండదేమోనని నా అనుమానం.

యమహా ఏ-ఎస్501 (8 ఓమ్‌లకి 85 వాట్లు), కేంబ్రిడ్జ్ సీఎక్స్‌ఏ81 (8 ఓమ్‌లకి 80, 4 ఓమ్‌లకి 120) చూస్తున్నాను, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. లేదంటే పాతదానికి ప్రీ-అవుట్ (బయటి పవర్ ఆంప్‌కి సిగ్నల్ పంపే సాకెట్) ఉంది, విడిగా పవర్ ఆంప్ తగిలిస్తే సరిపోతుందా? గది 12 బై 11 అడుగులే. ఈ స్పీకర్లు వాడినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు ఏ ఆంప్‌తో నడిపారో, మృదంగం ఎలా వినిపించిందో కాస్త చెప్పండి ప్లీజ్.