లైసెన్సులో 410 మస్కెట్, చూస్తే త్రీ నాట్ త్రీ: అసలు ఇది ఏ తుపాకీ?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

మిర్చి గోడౌన్ కాపలాకని మా తాతగారు తీసుకున్న తుపాకీ ఒకటి ఇంట్లో ఉంది. ఇప్పుడు నాన్నగారి పేరు మీద ఉంది, లైసెన్సు గడువు కూడా ఇంకా ఉంది. పుస్తకంలో "410 బోరు మస్కెట్" అని రాశారు. చూడ్డానికి మాత్రం పాతకాలం కానిస్టేబుళ్లు భుజాన వేసుకున్న త్రీ నాట్ త్రీయే (.303 బోరు రైఫిల్), అచ్చుగుద్దినట్టు. మొన్న రెన్యువల్‌కి వెళ్తే గుమాస్తా కూడా అనుమానంగా చూశాడు. బోల్టు (తూటాని లోపలికి తోసే కడ్డీ) పిడి కింద ఇనుప పట్టీ మీద కిరీటం, జీఆర్, ఎన్‌ఫీల్డ్, 1916, దాని కింద ఎస్‌హెచ్‌టి ఎల్ఈ, మూడు గీతలు, నక్షత్రం గుర్తు ఉన్నాయి. త్రీ నాట్ త్రీ అయితే, అది సైన్యం బోరు కదా, చిక్కేనా? నాన్నగారికి 73 ఏళ్లు, నా పేరుకి మార్పిద్దామనుకుంటున్నాం.

జవాబు (విజయవాడ, పటమట)

కంగారు పడకండి. మీరు రాసిన గుర్తులన్నీ అది ఎక్కడ, ఎప్పుడు, ఏ మోడల్‌గా తయారైందో చెబుతున్నాయి. ఎస్‌హెచ్‌టి ఎల్ఈ అంటే షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్, ఆ రైఫిల్ మోడల్ పేరు. ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో 1916లో .303 రైఫిల్‌గానే తయారైంది. తర్వాత ఏం మార్చారన్నది ఆ పట్టీ మీద దొరకదు, గొట్టంలో చూడాలి.

నాన్నగారినే చూడమనండి. బోల్టు పూర్తిగా వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలు పెట్టి కూడా తడిమాక మొదలుపెట్టాలి. మామూలు చెక్క పెన్సిల్ ఒకటి గొట్టం మూతి దగ్గర కొద్దిగా దూర్చండి. .303 గొట్టం లోపలి కొలత 7.7 మిల్లీమీటర్లు, కాబట్టి పెన్సిల్‌కి పెద్దగా సందు మిగలదు. .410 అయితే 10.4 మిల్లీమీటర్లు, పెన్సిల్ లోపల కటకటలాడుతుంది. ఆ తర్వాత టార్చి వేసి చూడండి. త్రీ నాట్ త్రీ అయితే మెలి తిరిగిన గాళ్లు, చాలావాటికి ఐదు, కనిపిస్తాయి. మస్కెట్ అయితే గొట్టం అద్దంలా నున్నగా ఉంటుంది. చివరగా మెగజీన్ (తూటాల పెట్టె) చోటు చూడండి, అక్కడ చెక్క దిమ్మ బిగించి ఉందా?

ప్రశ్నించినవారు

నాన్నగారు చూశారండీ. పెన్సిల్ వదులుగా ఆడుతోంది, లోపల నున్నగా ఉంది. మెగజీన్‌లో చెక్క ముక్క ఉంది, ఎవరో విరిగితే అతికించారేమో అనుకున్నాం.

జవాబు (పటమట)

అతుకు కాదండీ, అదే అసలు ఆధారం. బ్రిటిష్ హయాంలో బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పాత .303 రైఫిళ్లను పోలీసులకు, కాపలావాళ్లకు ఇవ్వడానికి ఇలా మార్చారు. గాళ్లు పోయేలా గొట్టం వెడల్పు చేసి, మెగజీన్ పనిచేయకుండా దిమ్మ పెట్టి, ఒక్కో తూటా చేత్తో పెట్టుకునేలా చేశారు. 1857 తర్వాత సైన్యం దగ్గరున్నంత మంచి ఆయుధం, సైన్యం తూటా పట్టే ఆయుధం బయటివాళ్ల చేతుల్లో ఉండకూడదన్నది వాళ్ల పట్టుదల. దాని తూటా కూడా .303 తూటా తొడుగునే, గుండు కూర్చునే చివర (మెడ) సన్నగా నొక్కకుండా తిన్నగా వదిలేసి చేసింది. అందుకే బజార్లో దొరికే .410 షాట్‌గన్ తూటా దీనికి సరిగ్గా కూర్చోదు. దొరికింది కదా అని పెట్టి కాల్చవద్దు.

కాబట్టి మీ లైసెన్సులో రాసింది సరైనదే. బోల్టు పిడి వెనక ఉన్న నంబరు, రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప భాగం) మీద నంబరు, లైసెన్సులో నంబరు మూడూ ఒకటేనేమో సరిచూసుకోండి. గొట్టం మీద గానీ రిసీవర్ మీద గానీ 410 అని ముద్ర ఉంటే ఫొటో తీసి దరఖాస్తుతో జతచేయండి. గుమాస్తాకి నోటిమాట కంటే అది బాగా పనికొస్తుంది.

మరో సభ్యుడు (తెనాలి)

గురువుగారూ, మా బాబాయి గారి దగ్గర ఉన్నది 315. అది కూడా మార్చిన త్రీ నాట్ త్రీయేనా? సెవెన్ సిక్స్ టూ అని ఇంకోటి ఉందంటారు, అదీ అంతేనా?

జవాబు (పటమట)

రెండూ వేరు, తమ్ముడూ. 315 అంటే 8 మిల్లీమీటర్ల స్పోర్టింగ్ రైఫిల్. మన దేశంలో సైనిక బోరు పౌరులకు నిషేధం కావడంతో ఆ కట్టడికి లోబడి చేసింది. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టే, కానీ మొదటినుంచీ ఆ బోరులోనే తయారైంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోనూ ఇలాంటి నిషేధమే ఉండేది. అక్కడివాళ్లు .303 తూటా మెడని .25కి నొక్కి, రైఫిళ్లకు కొత్త గొట్టాలు వేసుకున్నారు. చట్టం ఎలా ఉంటే తుపాకీ అలా మారింది, నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

7.62 అన్నది ఇషాపూర్ 2ఏ, 2ఏ1 రైఫిళ్ల బోరు. వీటిని చాలామంది మార్పిడి రైఫిళ్లంటారు, అది తప్పు. 1960లలో గట్టి ఉక్కుతో కొత్తగానే చేశారు. నలుచదరంగా ఉండే 12 తూటాల మెగజీన్ చూస్తే పట్టేయొచ్చు, .303ది 10 తూటాలది. అది నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సుతో దొరకదు.

ప్రశ్నించినవారు

చాలా థాంక్సండీ. చెక్క బాగా నల్లబడింది. సానబట్టించి వార్నిష్ వేయిస్తే బావుంటుందా? ఆ దిమ్మ తీస్తే మెగజీన్ మళ్లీ పనిచేస్తుందని మా బావ అంటున్నాడు.

జవాబు (పటమట)

దిమ్మ జోలికి వెళ్లవద్దు. లైసెన్సు లేకుండా ఆయుధాన్ని మార్చడం నేరం, పైగా దాని విలువంతా ఆ దిమ్మలోనే ఉంది. సాన అసలే వద్దు. చెక్క మీద ఇన్‌స్పెక్టర్లు కొట్టిన చిన్న చిన్న ముద్రలు ఒక్క పూటలో అరిగిపోతాయి. ముందు చెక్కకు అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తే అది మన దేశంలో వేసిన బిగింపు, అదీ అలాగే ఉండనివ్వండి. పొడి గుడ్డతో తుడిచి, అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేత్తో రుద్దితే చాలు, అప్పట్లో పూసిందీ అదే. ఇనుముకి పల్చగా మెషీన్ ఆయిల్. మన కృష్ణా తీరం తేమకి తోలు సంచిలో మాత్రం పెట్టకండి, లోపలే తుప్పు పడుతుంది. మడమ (భుజానికి ఆనించే చెక్క) చివర ఇత్తడి పలకకి చిన్న మూత ఉంటుంది, తీసి చూడండి. అదృష్టం ఉంటే నూనె సీసా, గొట్టం తుడిచే తాడు ఇంకా అందులోనే ఉంటాయి.

పేరు మార్పుకి 2016 ఆయుధ నియమాల్లో వారసుల కోసం వీలుంది. లైసెన్సుదారుకి 70 ఏళ్లు దాటినా, 25 ఏళ్లు తుపాకీ ఉన్నా వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు, మీ నాన్నగారి వయసు సరిపోతుంది. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండే తుపాకులు, మీ పేరున ఇప్పటికే ఉన్నాయేమో చూసుకోండి. మీ పేరుకి లైసెన్సు వచ్చేదాకా తుపాకీ నాన్నగారి దగ్గరే ఉండాలి. నాకు చూపించడానికని మీరు విజయవాడకి పట్టుకురావద్దు, ఫొటోలు చాలు.