లేబుల్ మీద పప్పునూనె (నువ్వుల నూనె), సీసాలో వేరుశెనగ నూనె. చెప్పాలా, వద్దా?

కొబ్బరితోట_పచ్చళ్ళు:
మాది అమలాపురం పక్కన పల్లెటూరు. ఇంట్లోనే ఆవకాయ పెట్టి అరకిలో సీసాల్లో అమ్ముతాను. లేబుల్ మీద "గానుగ పప్పునూనెతో" అని ఉంటుంది, అది చూసే కొంటారు. ఈ ఏడు ఆఖరి జాడీకి పప్పునూనె చాలక, నేను లేనప్పుడు పనమ్మాయి వేరుశెనగ నూనె పోసేసింది. అదీ గానుగదే. నాకు తెలిసేసరికి 46 సీసాలు కొరియర్‌లో వెళ్ళిపోయాయి. సీసా 320 రూపాయలు. అందరికీ డబ్బు తిరిగిచ్చేస్తే 14,720. ఈ సీజన్‌లో మిగిలిందే అంతంతమాత్రం.

"రుచి బాగానే ఉందిగా, ఎవరికి నష్టం?" అంటారు మావారు. ఎంబీఏ చదివే మా అబ్బాయేమో, "వ్యాపారానికున్న బాధ్యత లాభమేనని ఆర్థికవేత్త ఫ్రీడ్‌మన్ 1970లోనే ఒక వ్యాసంలో రాశాడమ్మా" అన్నాడు. మా అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. ఆ జాడీకి మూత పెట్టి వాసెన కట్టేశారు. మీరైతే ఏం చేస్తారు?

రిటైర్డ్_లెక్చరర్:
మీ అబ్బాయిని ఆ వ్యాసం చివరిదాకా చదవమనండి. మోసం, దగా లేకుండా లాభం చూసుకోవాలని ఆఖరి వాక్యంలోనే ఉంది. మీవారిది ఫలితాల లెక్క, తత్వవేత్త బెంథామ్ దారి. చెడ్డదేం కాదు, కానీ లెక్కలోకి అందరూ రావాలి. కాంట్ అని ఇంకో తత్వవేత్త, ఆయనైతే నష్టం సంగతే ఎత్తడు. పచ్చళ్ళవాళ్ళందరూ ఇలాగే చేస్తే లేబుల్‌ని ఎవరు నమ్ముతారని అడుగుతాడు.

బేరం_బాబాయ్:
అడగనివాళ్ళకి చెప్పి పరువు తీసుకోవడం ఎందుకండీ? కంప్లయింట్ వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

ల్యాబ్_ఉద్యోగి:
బాబాయ్ గారూ, వేరుశెనగ పడనివాళ్ళుంటారు. కొందరికి ఊపిరి అందనంత ప్రమాదం. రిఫైన్డ్ నూనెలో ప్రొటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో మిగిలి ఉండొచ్చు. లేబుల్ మీద తప్పక చెప్పాల్సిన ఎలర్జీ పదార్థాల్లో వేరుశెనగ ఉంది, ఆహార పదార్థాల లేబుళ్ళ మీద వచ్చిన 2020 నిబంధనలు చూడండి. అమ్మా, డబ్బు సంగతి తర్వాత. ముందు అందరికీ కబురు పెట్టండి.

కొబ్బరితోట_పచ్చళ్ళు:
ఎలర్జీ సంగతి నా బుర్రకి తట్టనే లేదండీ. రాత్రే అందరికీ వాట్సాప్ పెట్టాను. నీలం టిక్కులు రాని 9 మందికి పొద్దున్నే ఫోన్ చేశాను. 11 మంది డబ్బు అడిగారు, 3,520 వేసేశాను. ఒకాయన మాత్రం అదే నూనెది ఇంకో రెండు సీసాలు కావాలన్నారు! బెంగళూరు ఆవిడ ఇంకా ఫోన్ ఎత్తలేదు. కొరియర్ వాళ్ళ దగ్గర ఆవిడది వేరే నంబరు ఉందేమో కనుక్కుంటున్నాను.