ఆకాశం మార్చిన ఫోటోను ప్రకృతి దృశ్యం అనవచ్చా?

మబ్బుచాటు:
మబ్బు పట్టి తెల్లగా పాలిపోయిన ఆకాశం కింద తీసిన చెరువు ఫోటో ఇది. పాత ఆకాశం తీసేసి, నేనే వేరొకచోట తీసిన సూర్యాస్తమయాన్ని ఫోటోషాప్‌లో అతికించి, ఇక్కడి పోటీలో ప్రకృతి దృశ్యాల విభాగంలో పెట్టాను. "ఇది ఫోటో కాదు, బొమ్మ" అన్నారొకరు. రంగులు పెంచితే ఎవరూ ఏమీ అనరు. కరెంటు తీగ చెరిపితే మెచ్చుకుంటారు. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేరమా?

నేలచూపు:
నేరమే. రంగులు పెంచడమంటే ఉన్నదాన్ని దిద్దడం, ఇది లేనిదాన్ని తెచ్చిపెట్టడం. తెల్లవారకముందే లేచి వెలుగు కోసం కాచుకున్నవారి ఫోటోల పక్కన దీన్ని ఎలా నిలబెడతారు?

పాతనెగటివ్:
ఈ గొడవ ఫోటోషాప్‌తో పుట్టింది కాదు. 1850లలోనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగటివ్ మీద, మబ్బులను మరో నెగటివ్ మీద తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. అప్పట్లో ఫిల్ముకు బదులు వాడిన కొలోడియన్ ప్లేటుకు, అంటే రసాయనం పూసిన గాజుపలకకు, నీలికాంతి అతిగా సోకేది. నేల సరిగా పడేదాకా ఆగితే ఆకాశం వట్టి తెలుపైపోయేది. ఒకే మబ్బులు ఆయన వేర్వేరు చిత్రాల్లో కనిపిస్తాయి కూడా! వాటిలో చాలా ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటినీ బొమ్మలందామా?

నేలచూపు:
లె గ్రేకు గత్యంతరం లేదు, మనకు ఉంది. కెమెరాను స్టాండు మీంచి కదపకుండా నేలకొక ఎక్స్‌పోజర్, ఆకాశానికొకటి తీసి కలపండి, నేనేమీ అనను. అది అక్కడి ఆకాశమే.

వెలుగులెక్క:
నీతి సంగతి తర్వాత. ముందు ఫోటోను పెద్దది చేసి చూడండి. సూర్యుడు చెట్ల వెనక ఉంటే మనవైపు మాను నల్లగా పడాలి. ఇక్కడ బెరడు పగుళ్లు లెక్కపెట్టవచ్చు. పైన ఆకాశం నారింజ రంగులో మండుతుంటే నీళ్లలో ఇంకా పాత తెలుపే ఉంది. ఆకుల సందుల్లో పాత ఆకాశపు లేత అంచు మిగిలిపోయింది.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు సూర్యుడి పరిమాణం. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. విశాలంగా చూపే 24 మి.మీ. వైడ్ లెన్సుతో తీస్తే 36 మి.మీ. వెడల్పున్న సెన్సారు మీద అది పావు మి.మీ. కూడా ఉండదు. దూరాన్ని దగ్గరగా చూపే 200 మి.మీ. టెలీ లెన్సుతో అయితే దాదాపు 1.8 మి.మీ. పడుతుంది. మీ చెరువు వైడ్ లెన్సుది, సూర్యుడు టెలీ లెన్సువాడు. చూసేవారికి ఈ లెక్కలు తెలియకపోవచ్చు, కానీ ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది. నేల మీది వెలుగంతా ఆకాశం నుంచే వస్తుంది కాబట్టి, ఆకాశం మార్చినవారు నేలను కూడా మార్చక తప్పదు. అంతా మార్చాక మీరు తీసిన చెరువు ఎంత మిగులుతుందో మీరే చెప్పాలి.

ఇంటిఫోటోలు:
అమ్మకానికి పెట్టిన ఇళ్లను ఫోటోలు తీయడం నా వృత్తి. ముసురు పట్టిన రోజు తీసినదానికి నీలాకాశం పెడతాను, దాపరికమేమీ లేదు. ఆకాశం ఇంటితో పాటు అమ్ముడుపోదు. పెరట్లోంచి పోయే హైటెన్షన్ తీగను మాత్రం చెరపను, ఎందుకంటే కొన్నవారికి అది రోజూ కనిపిస్తుంది. కనుక మబ్బుచాటు గారూ, మీరు చిన్నదనుకుంటున్న తీగ చెరపడమే నా దృష్టిలో పెద్ద అబద్ధం.

నేలచూపు:
ప్రకటనకు చెల్లింది పోటీకి చెల్లదు. వార్తాచిత్రాల్లోనైతే రెండూ కుదరవు. చిత్రంలోకి కొత్తది చేర్చడాన్నీ, ఉన్నది తీసేయడాన్నీ వరల్డ్ ప్రెస్ ఫోటో అనే అంతర్జాతీయ వార్తాచిత్రాల పోటీ నియమాలు ఒప్పుకోవు.

మబ్బుచాటు:
నాది వార్త కాదు, ప్రకటన కాదు, గోడకు పెట్టుకునే చిత్రం. ప్రతిబింబం సంగతి ఒప్పుకుంటాను, దిద్దుతాను. విభాగం మాత్రం మార్చను. కావాలంటే ఆకాశం వేరొకచోటిదని ఫోటో కిందే రాస్తాను.

నేలచూపు:
అలా రాస్తే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. విభాగం మీద ఓటింగ్ పెట్టమని నిర్వాహకులను అడుగుదాం.

ఇంటిఫోటోలు:
తీగ చెరిపిన సంగతి కూడా రాస్తారా?

మబ్బుచాటు:
ఇందులో తీగ లేదండీ, అది మాటవరసకు అన్నాను. పడవ ఒకటి చెరిపాను.